మూడు లాంతర్ల దగ్గర ఏకదేవుడి చర్చ

మా చిన్నప్పుడు త్రిత్వం అనే మాట మాకు బైబిల్ కంటే ముందు మూడు లాంతర్ల కూడలి నేర్పింది. విజయనగరం కోటకు దగ్గర్లో ఉన్న ఆ కూడలి పేరే సండే స్కూల్లో మా టీచరమ్మకు పాఠం. “స్తంభం ఒకటే కదర్రా, లాంతర్లు మూడు. దేవుడూ అంతే. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ” అనేవారావిడ. నలభై ఏళ్లు ఆ పోలికతోనే నెట్టుకొచ్చాను. దాన్ని ఒక్క మాటతో పడగొట్టినవాడు మా బట్టలు కుట్టే భాయ్.

క్రిస్మస్ ముందు ప్యాంటు కుట్టించుకోవడానికి వెళ్లాను. మెడలో టేపు వేసుకుని, నా కాలి దగ్గర కూర్చుని పొడవు కొలుస్తూ అడిగాడు: “మాస్టారూ, ఒక మాట అడుగుతాను, ఏటీ అనుకోకండి. దేవుడికి కొడుకేటండి?” నేను వెంటనే లాంతర్ల కథ చెప్పాను. బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీత గీస్తూ విన్నాడు. గీత పూర్తయ్యాక, “మూడు లాంతర్లంటే మూడు దీపాలే కదండి. ఒకటి ఆరిపోయినా మిగతా రెండూ వెలుగుతాయి” అన్నాడు.

అతను చెప్పింది నిజం. మా టీచరమ్మ పోలిక దేవుణ్ణి ముగ్గురిని చేసింది, అందులో సందేహం లేదు. దానికి బదులు ప్రసంగాల్లో తరచు వినిపించే ఇంకో పోలిక ఉంది: ఒకే మనిషి ఇంట్లో తండ్రి, తన తండ్రికి కొడుకు, భార్యకు భర్త. అదీ నిలబడదు. ఒక్కడే మూడు వేషాలు వేస్తున్నాడని చెప్పినట్టవుతుంది. మూడో శతాబ్దంలోనే సబెల్లియస్ అనే బోధకుడి పేరుతో ప్రచారమైన ఆ వాదాన్ని క్రైస్తవ సంఘం తోసిపుచ్చింది. నీరు, మంచు, ఆవిరి పోలికకూ అదే గతి. మన బోధకులు శ్రద్ధతో చెప్పే పోలికల్లో చాలా భాగం సంఘం ఎప్పుడో తప్పని తేల్చినవే. పొరుగింటి ముస్లిం మనల్ని తప్పుగా అర్థం చేసుకున్నాడని బాధపడేముందు మనం చెప్పిందేమిటో ఒకసారి చూసుకోవాలి.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు తోడైంది. త్రిత్వం అనగానే తెలుగువాడి చెవికి త్రిమూర్తులు తగులుతారు. సృష్టి ఒకరిది, స్థితి ఒకరిది, లయ ఒకరిది అన్నట్టుగా తండ్రి పని వేరు, కుమారుడి పని వేరు అనుకుంటారు. క్రైస్తవులూ అలాగే అనుకుంటున్నారని నా అనుభవం. ‘ముగ్గురు వ్యక్తులు’ అనే అనువాదం దాన్ని మరింత ముదరబెట్టింది. తెలుగులో వ్యక్తి అంటే ఒక మనిషి, విడిగా నిలబడ్డవాడు. ఆ చోట గ్రీకు పండితులు వాడిన హైపోస్టాసిస్ (ఉనికి) అనే మాటకు ఆ అర్థం లేదు. ఐదో శతాబ్దంలో అగస్టీన్ కూడా ముగ్గురు వ్యక్తులు అనే మాట వాడేది అది సరిగ్గా సరిపోతుందని కాదు, మౌనంగా ఉండిపోకూడదని మాత్రమే అని ఒప్పుకున్నాడు. అంతటి పండితుడే అలా అంటే, మనం మైకు పట్టుకుని అంత ధీమాగా మాట్లాడటం చూస్తే నాకు భయమేస్తుంది.

మరి సంఘం చెప్పిందేమిటి? అలెగ్జాండ్రియాలో అరియస్ అనే సంఘపెద్ద, కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టించబడినవాడేనని బోధించాడు. ఆ గొడవ తేల్చడానికి 325లో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి నైసియాలో సభ పిలిచాడు. కుమారుడు తండ్రితో ఒకే సారం కలవాడని ఆ సభ తీర్మానించింది. పుట్టినవాడే గాని చేయబడినవాడు కాడంది. పరిశుద్ధాత్మ గురించిన మాటలు 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో స్థిరపడ్డాయి. నన్ను ఎక్కువ పట్టి ఉంచేది నైసియా విశ్వాస ప్రమాణంలోని చిన్న ముక్క: ‘వెలుగు నుండి వెలుగు’. దీపం, దాని కాంతి. దీపం వెలిగిన క్షణం నుంచీ కాంతి ఉంది. దీపాన్ని ఆర్పకుండా కాంతిని విడదీయలేం. మూడు లాంతర్లు కావవి, ఒక్కటే. పోలిక పోలికే, దీనికీ హద్దులున్నాయి. అయినా మా టీచరమ్మ చెప్పాల్సింది ఇదే.

ఇప్పుడు భాయ్ వైపు నుంచి చూద్దాం. అతను రోజూ నమాజులో చదివే సూరాల్లో (ఖురాన్ అధ్యాయాల్లో) ఇఖ్లాస్ ఒకటి. నాలుగే వాక్యాలు. అందులో ‘లమ్ యలిద్ వలమ్ యూలద్’ అంటే ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు. ఆరో సూరాలో ఇంకో ప్రశ్న ఉంది: ఆయనకు సహచరే లేనప్పుడు సంతానం ఎలా కలుగుతుంది? ఈ ప్రశ్న ఏ క్రైస్తవుణ్ణి అడిగినా, ‘అలాంటి సంతానం మేమూ ఒప్పుకోం’ అనే అంటాడు. అయిదో సూరాలో ‘నన్నూ మా అమ్మనూ ఇద్దరు దేవుళ్లుగా చేసుకోండని నువ్వు చెప్పావా’ అని అల్లాహ్ ఈసాను, అంటే యేసును, అడిగే వాక్యం ఉంది. మరియ త్రిత్వంలో భాగమని ఏ సంఘమూ బోధించలేదు. అక్కడ ప్రస్తావన మరియను పూజించడం గురించేనని చెప్పిన ముస్లిం వ్యాఖ్యాతలూ ఉన్నారు. కాబట్టి ఒకరు ఖండించేది చాలాచోట్ల రెండోవారు నమ్మనిదే.

అలాగని, తేడా అంతా మాటల్లోనే ఉందని నేను అనను. మా ఊళ్లో ఖాదర్‌వలీ బాబా దర్గాకు అన్ని మతాలవాళ్లూ వెళ్తారు. శ్రీకాకుళంలో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు 1641 నాటిది. ఖురాన్‌ను తొలిసారి తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు ఈ ఉత్తరాంధ్రవారే. ఈ తీరాన బైబిల్‌ను తెలుగులోకి తెచ్చే పని 1805లో విశాఖపట్నానికి వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు మొదలుపెడితే, ఆనందరాయర్ అనే పండితుడు చేయందించారు. మూడు సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యాయి. రెండు గ్రంథాలనూ మన భాషలోకి నడిపించినవాళ్లలో ఈ సముద్రపు గట్టువాళ్లున్నారు. ఇన్నేళ్లు కలిసి బతికాక, మాట ఇక్కడిదాకా వస్తే మనవాళ్లు ‘అందరి దేవుడూ ఒక్కడేలెండి’ అని అక్కడితో ఆపేస్తారు. ఆ మాటలో మంచితనం ఉంది, కాదనను. కానీ భాయ్ అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు. అతను నన్ను గౌరవించబట్టే అడిగాడు. తప్పించుకుంటే ఆ గౌరవాన్ని నేను తిప్పికొట్టినట్టే.

అసలు తేడా ఎక్కడుందో తెలియాలంటే ఇస్లాం లోపల జరిగిన ఒక పెద్ద వాదం చూడాలి. ఖురాన్ అల్లాహ్ వాక్కు. మరి ఆ వాక్కు సృష్టించబడిందా, ఆయనతోపాటు అనాదిగా ఉందా? ముతజిలా అనే వర్గపు పండితులు సృష్టించబడిందే అన్నారు. కాదంటే అనాదిగా ఉన్నవి రెండవుతాయి, ఏకత్వం చెడుతుందన్నది వాళ్ల భయం. 833లో ఖలీఫా మామూన్ ఆ వాదాన్ని న్యాయాధికారుల మీద, పండితుల మీద బలవంతంగా రుద్దాడు. అప్పుడు రాసిన లేఖలో అతను, వాక్కు సృష్టించబడలేదనేవాళ్లు మరియ కుమారుడు ఈసా గురించి క్రైస్తవులు అనే మాటే అంటున్నారని దెప్పాడు. దాన్ని ఒప్పుకోని పండితుడు అహ్మద్ ఇబ్న్ హన్బల్ జైలుకెళ్లాడు, కొరడా దెబ్బలు తిన్నాడు, మాట మాత్రం మార్చుకోలేదు. చివరికి సున్నీ లోకం ఆయన వైపే నిలిచింది. తర్వాత వచ్చిన అష్అరీ వర్గపు సున్నీ పండితులు దేవుడి గుణాల గురించి, అవి ఆయనే కావు, ఆయనకు వేరూ కావు అన్నారు.

ఈ చివరి వాక్యం చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు కూర్చుండిపోయాను. ‘ఆదియందు వాక్యముండెను, వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను’ అని యోహాను సువార్త మొదలవుతుంది. ఖురాన్ నాలుగో సూరాలోనూ ఈసా అల్లాహ్ వాక్కు, ఆయన నుంచి వచ్చిన ఆత్మ అని ఉంది. ఆ వాక్యంలోనే ‘మూడు అనకండి’ అనే హెచ్చరిక కూడా ఉంది. వాక్కు, ఆత్మ దేవుడివే అయితే వాటిని దేవుడి నుంచి కోసేయలేం కదా అని ఎనిమిదో శతాబ్దంలోనే డమాస్కస్ యోహాను అనే క్రైస్తవ పండితుడు అడిగాడు. ముస్లిం పండితుల జవాబూ గట్టిదే: ఈసాను వాక్కు అన్నది ‘అయిపో’ అనే ఆజ్ఞతో పుట్టాడు కాబట్టి, ఆ ఆజ్ఞే ఆయన కాదు.

నా లెక్కలో దారి చీలేది ఇక్కడ. ఒకటా మూడా అన్నది కాదు ప్రశ్న. దేవుడి అనాది వాక్కు ఈ లోకంలోకి ఎలా వచ్చింది? ఖురాన్‌గా వచ్చిందని ముస్లిం అంటాడు. అందుకే భాయ్ కొట్లో ఆ గ్రంథం గుడ్డలో చుట్టి అన్నిటికంటే పై అరలో ఉంటుంది, వజూ చేయనిదే, అంటే కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కోనిదే, అతను ముట్టుకోడు. యేసు అనే మనిషిగా వచ్చిందని నేనంటాను. ఆకలేసి, అలిసి పడవలో నిద్రపోయి, స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చిన మనిషిగా. భాయ్‌కి అది దేవుడి ఘనతను తగ్గించడం. నాకు ఆ ఘనత అర్థమైందే అక్కడ. దేవుడు ప్రేమాస్వరూపి అంటే లోకం పుట్టకముందు కూడా ఆయనలో ప్రేమించేవాడూ, ప్రేమ అందుకునేవాడూ ఉండి ఉండాలని నేను నమ్ముతాను. త్రిత్వం నాకు అక్కరకొచ్చేది అందుకే. ఇస్లాంలో దేవుడు ఎక్కడో దూరాన ఉంటాడని మనవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు, అది అన్యాయం. మనిషికి అతని మెడనరం కంటే దగ్గరగా ఉన్నానని యాభయ్యో సూరాలో అల్లాహ్ అంటాడు. దగ్గరగా ఉండటం, మనిషి కావడం వేర్వేరు, అంతే.

ప్యాంటు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు, మీరే గెలిచారు భాయ్, లాంతర్ల పోలిక తప్పు అని ఒప్పుకున్నాను. నైసియా మాట చెప్పాను. ‘వెలుగు నుండి వెలుగు’ అని రెండుసార్లు పలికి చూసుకున్నాడు. తర్వాత నూర్ సూరాలోని వాక్యం అరబ్బీలో చదివి, తెలుగులో చెప్పాడు: గోడలో గూడు, గూట్లో దీపం, దీపం చుట్టూ గాజు, ఆ గాజు నక్షత్రంలా, ఇక ఆ నూనె నిప్పు తగలకముందే వెలిగేటట్టు ఉంటుందట. ‘నూరున్ అలా నూర్’, వెలుగు మీద వెలుగు. మా అమ్మమ్మగారి పెంకుటింటి గోడలో మసి పట్టిన దీపపు గూడు నా కళ్ల ముందు కదిలింది.

కాసేపు మిషను తొక్కి ఆపాడు. “అంతా బాగుంది గానీ మాస్టారూ, ఆ వెలుగు శిలువ మీద చచ్చిపోడమేటండి?” అన్నాడు. ఈసాను శిలువ వేయలేదని అతని గ్రంథం చెబుతుంది. శిలువ యూదులకు అడ్డుబండ, అన్యజనులకు వెర్రితనం అని పౌలు కొరింథీయులకు రాసిన మాట చెప్పి, ఇది నిలబడి తేల్చే సంగతి కాదన్నాను. “అయితే కూర్చునే చెప్పండి” అన్నాడు. శుక్రవారం నమాజు అయ్యాక రమ్మన్నాడు. యోహాను సువార్త పట్టుకెళ్తున్నాను.