రోల్ బార్ బిగించినంత మాత్రాన పాత కారు రేసుకు సిద్ధమైపోదు

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిలో పాత స్పోర్ట్స్ కార్లు కొని, వాటిని వింటేజ్ రేసులకు తయారు చేసుకోవాలనుకునేవారు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నారు. నాకు ఇది ఎంతో సంతోషం కలిగించే విషయం. అయితే సలహా కోసం వచ్చేవారి మొదటి ప్రశ్నలన్నీ ఇంజిన్ చుట్టూనే తిరుగుతున్నాయి: ఏ క్యామ్‌షాఫ్ట్ వేయించాలి, ఎస్‌యూ కార్బ్యురేటర్లే ఉంచాలా లేక వెబర్ పెట్టించాలా, హెడ్ పని ఎవరు బాగా చేస్తారు అని. రక్షణ సామగ్రి ప్రస్తావన ఆఖరున వస్తుంది. అదీ రేసుకు ముందు చేసే తనిఖీ గట్టెక్కడానికి తక్కువలో తక్కువ ఏమేం ఉండాలి అన్న రూపంలో వస్తుంది. ఈ ధోరణి ప్రమాదకరమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో కాస్త వివరంగా రాస్తాను.

రోల్ బార్ (కారు బోల్తా పడితే డ్రైవరు తలను కాపాడడానికి సీటు వెనక బిగించే వంపు ఉక్కు గొట్టం), బెల్టులు, సీటు, హెల్మెట్, మెడకు ఆసరా, మంటల నుంచి కాపుదల, వీటిని వీలు చిక్కినప్పుడల్లా ఒక్కొక్కటిగా కొని చేర్చుకోవచ్చని చాలామంది అనుకుంటారు. కానీ ప్రమాదంలో శరీరం మీద పడే బలాన్ని ప్రతి పరికరమూ ఒకచోటి నుంచి మరొక చోటికి మళ్లిస్తుంది. మళ్లిన చోట దాన్ని తట్టుకునే ఏర్పాటు లేకపోతే, ఆ పరికరం అసలు లేనప్పటికన్నా ఎక్కువ హాని జరిగే సందర్భాలు ఉన్నాయి. సగం ఏర్పాట్లతో ట్రాక్ మీదికి దిగడాన్ని నేను వ్యతిరేకించేది ఇందుకే.

మాట స్పష్టంగా ఉండడానికి ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారును ఉదాహరణగా తీసుకుంటాను. 1962 నుంచి 1980 వరకు ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో 5 లక్షలకు పైగా తయారైన కారు ఇది. ధర అందుబాటులో ఉంటుంది, విడిభాగాలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, 1798 సీసీ ఇంజిన్ మొండిది, పైగా 1960లలో లె మాన్స్ 24 గంటల పోటీలో ప్యాడీ హాప్‌కిర్క్ వంటివారు నడిపిన చరిత్ర దానికి ఉంది. అందువల్ల ఈ రంగంలోకి కొత్తగా వచ్చేవారిలో చాలామంది దీనితోనే మొదలుపెడతారు. దీనికి ముందు వచ్చిన ఎంజీఏకు విడిగా చాసిస్ (అడుగు చట్రం) ఉండేది. ఎంజీబీకి అది లేదు. కారు బలమంతా మడిచి వెల్డింగు చేసిన రేకులోనే ఉంటుంది, ముఖ్యంగా తలుపుల కింద ముందు నుంచి వెనక దాకా సాగే సిల్స్‌లో. తుప్పు పట్టేది కూడా సరిగ్గా అక్కడే.

ఒక మిత్రుడు కొన్న ఎంజీబీలో అంతకుముందే ఒక గ్యారేజీవారు రోల్ బార్ బిగించి ఉన్నారు. పైనుంచి చూస్తే నల్లని రంగుతో, మెరిసే బోల్టులతో అది చక్కగా కనిపించింది. కారును లిఫ్ట్ మీద ఎత్తి, అడుగున మందంగా పూసిన తారు పూతను గీకి, స్క్రూడ్రైవర్ మొనతో నేల రేకును నొక్కితే మొన లోపలికి దిగిపోయింది. బోల్టుల కింద ప్లేట్లకు బదులు రూపాయి బిళ్లంత వాషర్లు ఉన్నాయి. కారు తలకిందులైతే దాని బరువంతా ఆ నాలుగు వాషర్ల మీదుగా ఆ తుప్పు రేకులోకి దిగుతుంది. రోల్ బార్ వంగకుండా, నేలను చీల్చుకుని కిందికి జారుతుంది. చెదలు తిన్న గోడకు ఉక్కు దూలం ఎత్తినట్టుంది ఆ పని.

అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్‌ఐఏ నియమాలలో దీనికి స్పష్టమైన కొలతలు ఉన్నాయి. ప్రధాన వంపు గొట్టం అతుకు లేని ఉక్కుదై ఉండాలి, 45 మి.మీ. వ్యాసం, 2.5 మి.మీ. మందం గలదైనా సరే, 50 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం గలదైనా సరే. దాని పాదాల దగ్గర కారు రేకుకు కనీసం 3 మి.మీ. మందం, 120 చదరపు సెం.మీ. వైశాల్యం గల ప్లేటును వెల్డింగు చేయాలి. అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) నియమాల ప్రకారం డ్రైవరు హెల్మెట్ పెట్టుకుని కూర్చున్నప్పుడు బార్ పైభాగం హెల్మెట్ కన్నా కనీసం రెండు అంగుళాలు ఎత్తులో ఉండాలి. పొడవుగా ఉన్నవారికి ఎంజీబీలో ఇది తేలిగ్గా కుదరదు. సీటును కిందికి దించుకోవాలి, లేదా ఎత్తైన బార్ చేయించుకోవాలి. కాబట్టి బార్ కొనడానికి ముందే సీటు నిర్ణయం కావాలి.

తలకు దగ్గరగా ఉన్న గొట్టానికి రేసు సామగ్రికి ప్రమాణాలు నిర్ణయించే ఎస్‌ఎఫ్‌ఐ సంస్థ 45.1 ప్రమాణం గల గట్టి ప్యాడింగు చుట్టాలి. నీళ్ల పైపులకు చుట్టే మెత్తని నురుగు తల తగలగానే అణిగిపోతుంది, దానివల్ల ఏ ఉపయోగమూ లేదు. వారాంతంలో రేసుకు, మిగతా రోజుల్లో షికారుకు అదే కారును వాడేవారికి ఇంకొక మాట చెప్పాలి. హెల్మెట్ లేని తలకు వెనక కొద్ది అంగుళాల దూరంలో ఉక్కు గొట్టం ఉండడం వీధిలో చిన్న గుద్దుకే ప్రాణం మీదికి తెస్తుంది. ఒకే కారుతో రెండు పనులూ చేయించుకోవద్దని నా సలహా.

ఇక బెల్టుల విషయం. పైకప్పు లేని కారులో రోల్ బార్ లేకుండా ఐదారు పట్టీల హార్నెస్ బిగించుకోవడం అన్నిటికన్నా చెడ్డ కలయిక. కారు బోల్తా పడితే శరీరం పక్కకు ఒరగడానికి వీలు లేక, నిటారుగా నిలిచిన వెన్నెముకే కారు బరువును మోస్తుంది. అలాగే సరైన సీటు లేకుండా హార్నెస్ పెట్టినా కుదరదు. ఎంజీబీ అసలు సీటు వీపు పొట్టిది. భుజం పట్టీలు దాని మీదుగా కిందికి దిగి నేలకు కట్టి ఉంటే, గుద్దుకున్న క్షణంలో అవి భుజాలను కిందికి లాగి వెన్నుపూసలను నొక్కేస్తాయి. భుజం పట్టీలు భుజం ఎత్తు నుంచి సమాంతరంగా గాని, 20 డిగ్రీలకు మించకుండా కిందికి గాని వెనక్కి సాగాలి. అంటే వాటిని రోల్ బార్‌కు అడ్డంగా వెల్డింగు చేసిన గొట్టానికి కట్టాలి. ఆ గొట్టం లేని బార్ కొన్నవారు రెండోసారి డబ్బు ఖర్చు పెట్టాల్సి వస్తుంది.

తొడల మధ్య నుంచి వచ్చే పట్టీని చాలామంది అసౌకర్యం అంటారు. వారికి 1970 సెప్టెంబరు 5న ఇటలీలోని మోంజాలో జరిగిన దాన్ని గుర్తు చేయాలి. మంటలు అంటుకుంటే త్వరగా బయటపడాలన్న ఆలోచనతో ఫార్ములా వన్ డ్రైవరు యోహెన్ రింట్ ఆ కింది పట్టీని కట్టుకునేవాడు కాడు. ప్రాక్టీసులో అతని లోటస్ 72 ట్రాక్ పక్కనున్న గార్డ్ రెయిల్‌కు తగిలినప్పుడు శరీరం బెల్టుల కిందికి జారి, బకిల్ మెడకు గాయం చేసింది. ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్ బిరుదు అతనికి మరణానంతరం దక్కింది. బెల్టు లేకపోవడం వల్ల పోయిన ప్రాణం కాదది, సగం బెల్టు కట్టుకోవడం వల్ల పోయింది. నా వాదనకు ఇంతకన్నా బాధాకరమైన సాక్ష్యం నాకు కనిపించలేదు.

బెల్టులు శరీరాన్ని గట్టిగా పట్టి ఉంచిన తరువాత కదలగలిగేది తల ఒక్కటే. హెల్మెట్ బరువు దానికి తోడవుతుంది, ఆ లాగుడంతా పుర్రె అడుగు భాగం మీద పడుతుంది. 1981లో మిడ్-ఒహాయో ట్రాక్ మీద పాట్రిక్ జాక్‌మార్ ఇలాంటి గాయంతోనే చనిపోయాడు. అతని మిత్రుడైన రేసర్ జిమ్ డౌనింగ్, డౌనింగ్ బావగారైన మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ హబ్బర్డ్ కలిసి ఆ తరువాత తయారుచేసిందే హాన్స్ పరికరం. భుజాల మీద కూర్చునే ఆ పట్టె, హెల్మెట్‌ను రెండు తాళ్లతో పట్టి, తలను శరీరంతో పాటే ఆపుతుంది. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో రేసర్ డేల్ ఎర్న్‌హార్ట్ పుర్రె అడుగు విరిగి చనిపోయేదాకా చాలామంది దాన్ని పట్టించుకోలేదు. ఆ ఏడాదే అమెరికాలో స్టాక్ కార్ రేసులు నడిపే నాస్కార్ తలకూ మెడకూ ఆసరానిచ్చే పరికరాన్ని, 2003లో ఫార్ములా వన్ హాన్స్‌ను తప్పనిసరి చేశాయి. భుజం పట్టీల కోణం తప్పితే హాన్స్ సరిగా పనిచేయదు. అందుకే ఆ కోణం గురించి ఇంతగా చెప్పాను.

హెల్మెట్ కొనేటప్పుడు హెల్మెట్లను పరీక్షించే స్నెల్ సంస్థ ఎస్‌ఏ ముద్ర ఉన్నదే కొనాలి. మోటారు సైకిళ్ల కోసం ఉద్దేశించిన ఎం ముద్ర హెల్మెట్‌కు మంట పరీక్ష, రోల్ బార్‌కు తగిలే దెబ్బ పరీక్ష ఉండవు. సూట్ల విషయంలోనూ అంకెలు చదవాలి: ఎస్‌ఎఫ్‌ఐ 3.2ఏ/1 రకం, రెండో స్థాయి కాలిన గాయం అయ్యేలోపు సుమారు 3 సెకన్లు ఇస్తుంది, 3.2ఏ/5 రకం 10 సెకన్లు ఇస్తుంది. ఐదు బిగింపుల్లోంచి బయటపడి, ఎంజీబీ తలుపు తీసుకుని దిగడానికి 3 సెకన్లు ఎవరికీ చాలవు. లోపల పాలిస్టర్ బనియన్ వేసుకుంటే అది కరిగి ఒంటికి అంటుకుంటుంది.

మంటల గురించి ఎక్కువ రాయవలసి వస్తోంది, ఎందుకంటే పాత కార్లలో నాకు అన్నిటికన్నా భయం కలిగించేది అదే. ఎంజీబీలో పెట్రోలు ట్యాంకు వెనక డిక్కీ నేల కింద పలచని రేకు పెట్టెలా వేలాడుతుంది. వెనక నుంచి ఒక్క దెబ్బ చాలు. ట్యాంకు స్థానంలో లోపల నురుగు నింపిన, చీలిపోని సంచి గల ఫ్యూయల్ సెల్ పెట్టించాలి, దాని గాలి గొట్టానికి కారు తలకిందులైతే మూసుకుపోయే కవాటం ఉండాలి. ఎఫ్‌ఐఏ ఎఫ్‌టీ3 ప్రమాణం గల సంచికి ఆయుష్షు 5 ఏళ్లు, పరీక్షించాక మరో రెండేళ్లు పొడిగించవచ్చు. ఎప్పటిదో తెలియని సెల్‌ను చవకగా వస్తోందని కొనకండి. లోపలి నురుగు పొడై ఫిల్టరులో చేరుతుంది. 10 శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు పాత రబ్బరు గొట్టాలను లోపలి నుంచి తినేస్తుంది కాబట్టి ప్రతి అంగుళం గొట్టాన్నీ మార్చాలి. డిక్కీకీ సీట్లకూ మధ్య ఉన్న గోడలో వైర్ల కోసం వదిలిన ప్రతి రంధ్రాన్నీ రేకుతో మూయాలి.

ప్రమాదంలో కారు కరెంటంతా ఒక్కసారిగా ఆపే కిల్ స్విచ్ విషయంలో చాలా కార్లలో ఒకే లోపం చూస్తున్నాను. బ్యాటరీ తీగను మాత్రమే తెంచే మామూలు స్విచ్ పెడితే, ఆల్టర్నేటర్ ఉన్న కారులో ఇంజిన్ ఆగదు, నడుస్తున్న ఇంజిన్‌కు ఆల్టర్నేటరే కరెంటు ఇస్తూ ఉంటుంది. డ్రైవరు స్పృహ తప్పి ఉండగా ట్రాక్ సిబ్బంది వచ్చి స్విచ్ తిప్పినా పెట్రోలు పంపు తన పని తాను చేసుకుపోతుంది. ఆరు టెర్మినళ్లు గల స్విచ్ తీసుకుని ఇగ్నిషన్‌ను కూడా దాని గుండా తిప్పాలి, మిగిలిన కరెంటును తినే రెసిస్టర్ కలపాలి. తరువాత ఇంజిన్ నడుస్తుండగా స్విచ్ తిప్పి, ఆగుతోందో లేదో కళ్లారా చూడాలి. నీలి త్రికోణంలో ఎర్రని మెరుపు గుర్తు అతికించడం ఆ తరువాతి పని.

1966లో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద ఫార్ములా వన్ డ్రైవరు జాకీ స్టీవార్ట్ తన బీఆర్‌ఎం కారులో చిక్కుకుని దాదాపు 25 నిమిషాలు పెట్రోలులో తడుస్తూ ఉండిపోయాడు. తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండ్యురాంట్ ఒక ప్రేక్షకుడి దగ్గర స్పానర్ అడిగి తెచ్చి స్టీరింగ్ విప్పితే గాని బయటికి రాలేకపోయాడు. ఆ రోజు నిప్పు రవ్వ పడకపోవడం అదృష్టం. స్టీవార్ట్ జీవితమంతా భద్రత కోసం పోరాడడానికి కారణం ఆ 25 నిమిషాలే. "ఆ కాలంలో ఇవేవీ లేకుండానే నడిపారు కదా" అనేవారికి నేను చెప్పే జవాబు కూడా అదే. అప్పుడు నడిపినవారే ఇవి కావాలని అడిగారు, అడిగినందుకు మాటలు పడ్డారు. పైగా నేటి టైర్లతో, నేటి ఇంజిన్ పనితనంతో ఈ కార్లు ఆనాటికన్నా వేగంగా తిరుగుతున్నాయి.

అరుదైన, చరిత్ర గల చాసిస్‌కు రంధ్రాలు వేయడానికి మనసొప్పని యజమానుల బాధ నాకు అర్థమవుతుంది. అలాంటి కారును ప్రదర్శన పరుగుల్లో నడిపించవచ్చు, చూసేవారికి అదీ ఆనందమే. 5 లక్షల ఎంజీబీలలో ఒకదానికి అదే వాదన తగిలించడం మాత్రం నేను ఒప్పుకోను.

మిగతా యాంత్రిక పనుల్లో రెండు మూడు ఆలస్యం చేయకూడనివి ఉన్నాయి. ముందు చక్రాల ఇరుసులైన స్టబ్ యాక్సిల్స్, స్టీరింగ్ ఆర్మ్‌లు విప్పించి అయస్కాంత పద్ధతిలో పగుళ్ల పరీక్ష చేయించాలి. తీగల చక్రాలు ఎంత అందంగా ఉన్నా రేసుకు వద్దు. తొలి ఎంజీబీలలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే హైడ్రాలిక్ మార్గం ఉంటుంది, ఒక గొట్టం పగిలితే పెడల్ నేలకు తగులుతుంది, కాబట్టి రెండు మాస్టర్ సిలిండర్ల ఏర్పాటు చేయించాలి. పాత పోత ఇనుప ఫ్లైవీల్‌ను అధిక వేగంలో నమ్మవద్దు, అది ముక్కలయ్యేది డ్రైవరు కాళ్ల పక్కనే. రేడియేటర్‌లో కూలెంట్ తీసేసి మంచి నీళ్లు పోయాలి. కూలెంట్‌లోని గ్లైకాల్ ట్రాక్ మీద కారితే వెనక వచ్చేవారు జారిపోతారు.

తనిఖీ స్టిక్కర్ గురించి ఒక్క మాట. తనిఖీ చేసేవారు మీ కారు దగ్గర గడిపేది కొద్ది నిమిషాలు. బెల్టు మీది తేదీ, హెల్మెట్ ముద్ర, బ్యాటరీ బిగింపు, చక్రాల ఊగిసలాట చూస్తారు, తారు పూత గీకి చూడరు. బెల్టు గడువు దాటితే తిప్పి పంపిస్తారు. గడువు దాటని బెల్టును తప్పు కోణంలో కట్టి ఉంటే అది వారి కంట పడకపోవచ్చు. ఆ బాధ్యత కారు తయారు చేసుకున్నవారిదే.

ఈ ఏడాది డబ్బు సరిపోకపోతే ఇంజిన్‌ను కంపెనీ ఇచ్చిన స్థితిలోనే ఉంచి, పైన చెప్పినవన్నీ ఒకే విడతలో పూర్తి చేయించండి. అదీ కుదరకపోతే రేసును వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. అన్నీ అమరాక, గ్యారేజీలోనే హెల్మెట్, హాన్స్, గ్లౌజులు వేసుకుని, బెల్టులు బిగించుకుని, కళ్లు మూసుకుని కారులోంచి దిగడం అభ్యాసం చేయండి. బకిల్ ఎక్కడుందో, అగ్నిమాపక యంత్రం పిన్ను ఎక్కడుందో చేతికే తెలియాలి. మీ వెంట ట్రాక్‌కు వచ్చే ఇంటివారికీ, మిత్రులకూ కిల్ స్విచ్ బయట నుంచి ఎలా తిప్పాలో, బెల్టు ఎలా విప్పాలో, హెల్మెట్ తీయకుండా తాళ్లను మాత్రమే ఎలా వేరు చేయాలో ఆ రోజే నేర్పండి.