నాలుగంటే ఎంత?

మా ఫ్రిజ్ లోపల, పై అర పక్కన గోడకి ఒక నాబ్ ఉంది. దాని చుట్టూ 1 నుంచి 7 దాకా అంకెలున్నాయి. ఆ అంకెలకి అర్థం తెలిసినవాళ్లు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటే దయచేసి బయటికి రావలసిందిగా ఇందుమూలంగా మనవి. కేసులేమీ పెట్టం. రెండు మూడు ప్రశ్నలు అడిగి, మంచినీళ్లిచ్చి పంపించేస్తాం. చల్లటివి మాత్రం అడక్కూడదు.

సంగతేమిటంటే, పోయిన నెల మా ఫ్రిజ్‌కి ఉన్నట్టుండి విధి నిర్వహణ మీద విపరీతమైన శ్రద్ధ పుట్టుకొచ్చింది. చల్లగా ఉంచమంటే గడ్డకట్టించి చేతిలో పెడుతోంది. ఫ్రీజర్‌లో కాదండీ, ఫ్రీజర్ ఉన్నదే అందుకు, దానిమీద నాకు ఏ కంప్లయింటూ లేదు. కింద, పాలూ కూరగాయలూ పెట్టుకునే చోట. పొద్దున్నే పాల సీసా తీసి వంచితే పాలు కదల్లేదు. ఒక కోడిగుడ్డు నిలువునా చీలి, ఆ చీలికలోంచి సొన దారంలా బయటికొచ్చి సగంలో ఆగిపోయి ఉంది. కీరదోసకాయని బల్ల మీద పెడితే టక్కుమని చప్పుడొచ్చింది. అదే కీరదోసకాయ గంట తర్వాత కరిగి, నడుం పట్టుకుని పైకెత్తితే అటూ ఇటూ వేలాడిపోయి, నా వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుస్తూ, ఇక నావల్ల కాదన్నట్టు చూసింది. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతాయి, కీరదోసలో ఉన్నదంతా దాదాపు నీళ్లే, ఆ ఐసుకి లోపలి కణాల గోడలు పగిలిపోతాయి, ఆ తర్వాత దాన్ని మళ్లీ కరకరలాడించడం ఏ దేవుడి వల్లా కాదు. ఇక పాలైతే సున్నా డిగ్రీలకి కూడా గడ్డకట్టవు, ఇంకో అర డిగ్రీ కిందికి దిగాలి. అంటే మా ఫ్రిజ్ ఏదో పొరపాటున సున్నా దాకా జారలేదు, పనిగట్టుకుని ఇంకా కిందికి దిగింది.

అప్పటికి నాబ్ ఎక్కడుందయ్యా అంటే, నాలుగు మీద.

ఇక్కడ నా తెలివితక్కువతనం కూడా ఒప్పుకోవాలి. తిండి పాడవకుండా ఉండాలంటే ఫ్రిజ్ లోపల 4 డిగ్రీలో, అంతకంటే కాస్త తక్కువో ఉండాలని, ఫ్రీజర్‌లో మైనస్ 18 ఉండాలని ఎక్కడో చదివాను. నాబ్ మీద 4 కనిపించింది. పెట్టేశాను. చదువుకున్నవాడు చేసే పని ఇదే కదా! ఆ నాలుగుకీ ఈ నాలుగుకీ ఏ చుట్టరికమూ లేదని, నాబ్ మీది నాలుగంటే మూడు తర్వాత, అయిదుకి ముందు వచ్చేది మాత్రమేనని, అంతకుమించి దాని జీవితానికి ఏ అర్థమూ లేదని నాకెవరూ చెప్పలేదు. కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకం వెతికి తీశాను. ‘అవసరాన్ని బట్టి అమర్చుకోండి’ అని ఉంది. నా అవసరం పాలు పాలలాగే ఉండటం. అది ఎన్నో నంబరు?

ఆ సాయంత్రం ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి దాని ముందు మహాసభ పెట్టాం. మొదట నాన్న మాట్లాడారు. పొయ్యి నాబ్‌ని ఎంత తిప్పితే అంత వేడి, కాబట్టి ఫ్రిజ్‌లోనూ పెద్ద నంబరంటే ఎక్కువ వేడి, ఏడు మీద పెట్టండి, పీడ పోతుంది అన్నారు. చెల్లెలు కూడా ఏడే అంది గానీ దాని దారి వేరు. ఇవి అచ్చంగా డిగ్రీలే, ఒకటంటే ఒక డిగ్రీ, ఏడంటే ఏడు డిగ్రీలు, కావాలంటే పందెం అంది. బాబాయ్ ఫ్యాన్ రెగ్యులేటర్‌ని సాక్ష్యానికి పిలిచాడు. అంకె పెరిగితే గాలి పెరిగినట్టు ఇక్కడ చలి పెరుగుతుంది, కాబట్టి ఒకటి మీద పెట్టాలని ఆయన వాదన. ఆయన చెప్పింది ఇంతవరకూ ఏ విషయంలోనూ నిజం కాలేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. తమ్ముడు చాలాసేపు ఆలోచించి, వారానికి ఏడు రోజులు కదా, ఏ రోజుకి ఆ నంబరేమో అన్నాడు. వాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. అమ్మ మాత్రం ఒక్కటే మాట అంది: “ముందు ఆ తలుపేసి మాట్లాడుకోండి.”

సభ ఏ తీర్మానమూ చేయకుండా ముగిసింది. అసలు యుద్ధం రాత్రి మొదలైంది. నాన్న మంచినీళ్ల మిషతో లేచి నాబ్‌ని ఏడుకి తిప్పేవారు. అరగంటకి బాబాయ్ లేచి ఒకటికి తెచ్చేవాడు. పొద్దున నేను లేచేసరికి అది మూడున్నర మీద ఉండేది. ఆ అరని ఎవరు కనిపెట్టారో ఇప్పటికీ తెలియదు. తిప్పిన ప్రతివాళ్లూ పది నిమిషాలు ఆగి, లోపల చెయ్యి పెట్టి, తల పంకించి, “ఇప్పుడు బెటర్” అనడం. నాబ్ తిప్పాక లోపలి చల్లదనం కుదురుకోవడానికి ఒక పూర్తి రోజు పడుతుందని, అరచెయ్యి థర్మామీటర్ కాదని అప్పటికి మాలో ఎవరికీ తెలియదు. తొమ్మిది రోజులు ఇదే వరస. తొమ్మిది రోజులూ పాలు గడ్డకడుతూనే ఉన్నాయి.

చెప్పడానికి బాధగానే ఉంది గానీ, బాబాయ్ చెప్పిందే నిజం. దాదాపు అన్ని ఫ్రిజ్‌లలోనూ పెద్ద నంబరంటే ఎక్కువ చలి. ఈ తలకిందుల లెక్కకి చరిత్రలో ఒక పెద్దమనిషి దన్ను కూడా ఉంది. స్వీడన్‌లో ఆండర్స్ సెల్సియస్ 1742లో తన కొలమానాన్ని మొదట ప్రతిపాదించినప్పుడు నీళ్లు మరిగే చోట 0, గడ్డకట్టే చోట 100 పెట్టాడు. చలి పెరిగేకొద్దీ అంకె పెరిగేది. ఆయన 1744లో పోయాడు, ఆ తర్వాత లోకం బుద్ధి తెచ్చుకుని దాన్ని తిరగేసింది. ఆ కబురు ఫ్రిజ్‌లు చేసేవాళ్లకి ఇంకా అందినట్టు లేదు. పోనీ, వాళ్లు మొదలుపెట్టేనాటికి డిగ్రీలు పుట్టలేదా అంటే, ఈథర్ అనే ద్రవాన్ని ఆవిరి చేసి చలి పుట్టించవచ్చని విలియం కల్లెన్ చూపించింది పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో, జేకబ్ పెర్కిన్స్ ఇప్పటి ఫ్రిజ్‌లలో ఉండే కంప్రెసర్ పద్ధతికి పేటెంట్ తీసుకుంది 1834లో. అప్పటికే సెల్సియస్ డిగ్రీకి తొంభై రెండేళ్లు. అడిగితే వచ్చి నాబ్ మీద కూర్చునేది, పాపం ఎవరూ పిలవలేదు.

పదోరోజు మెకానిక్‌ని పిలిచాం. ఆయన ఫ్రిజ్ పక్క గోడ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, కంప్రెసర్ చప్పుడు కాసేపు విని తేల్చేశాడు.

“గ్యాస్ అయిపోయింది సార్.”

“గ్యాస్ అయిపోతే చల్లదనం తగ్గాలి కదండీ?”

“తగ్గుతుంది సార్.”

“ఇది పెరిగింది.”

“అదే సార్, గ్యాస్ ప్రాబ్లమే.”

ఈ వాదనలో నాకు ఎక్కడా పట్టు దొరకలేదు. ఫ్రిజ్‌లో గ్యాస్ పొయ్యి గ్యాస్‌లా ఖర్చయిపోయేది కాదు, సీలు వేసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది, ఎక్కడైనా చిల్లు పడితే తప్ప ఎక్కడికీ పోదు. ఆ మాటే అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, అయితే బోర్డు పోయుంటుంది అన్నాడు. బోర్డు చూశారా అంటే, చూడక్కర్లేదు సార్, పాతదైపోయింది, కొత్తది తీసుకోండి అన్నాడు. వచ్చి వెళ్లేదాకా ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. సంచిలో స్క్రూడ్రైవర్ ఉంది, నేను చూశాను.

ఆ రాత్రే అమ్మ ఇన్సులిన్ డబ్బా తీసింది.

కొత్త డబ్బాలని అమ్మ ఎప్పుడూ బాగా వెనక్కి, గోడకి ఆనించి పెడుతుంది, అక్కడ భద్రంగా ఉంటుందని. లాగితే రాలేదు. గోడకి అంటుకుపోయింది. గట్టిగా లాగితే అట్టపెట్టె ఒక మూల చిరిగి గోడకే ఉండిపోయింది. లోపల మందు గడ్డకట్టి ఉంది. ఆ పెట్టె మీద, నా బొటనవేలంత జాగాలో, స్పష్టంగా రాసి ఉంది: 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనివ్వకూడదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్‌ని కరిగించి వాడకూడదు, పారేయాల్సిందే. చూడటానికి బాగానే కనిపించినా సరే, పని చేస్తుందన్న నమ్మకం ఉండదు. అమ్మ దాన్ని కాసేపు అరచేతిలో పెట్టుకుని, కరిగాక దీపం దగ్గర పట్టుకుని చూసి, “బాగానే ఉంది కదరా, వాడేస్తే ఏమవుతుంది?” అంది. ఏమవుతుందో నేను చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా డబ్బా నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఒక్క మాట అడుగుతాను. బొటనవేలంత జాగాలో డిగ్రీలు రాయడం మందు చేసేవాళ్లకి చేతనైంది. మనిషంత ఎత్తున్న పెట్టె, కేవలం చలి కోసమే పుట్టిన పెట్టె, రాత్రీ పగలూ అదే పని మీద ఉన్న పెట్టె, తన కడుపులో ఎంత చలి ఉందో చెప్పలేదా? డాక్టరు డిగ్రీల్లో చెప్తాడు, మందు డబ్బా డిగ్రీల్లో చెప్తుంది, మధ్యలో ఈ ఫ్రిజ్ ఒక్కటే ఒకటి, రెండు, మూడు అని ఎక్కాలు చదువుతుంది. ఖరీదైన వాటికి తలుపు మీద పెద్ద తెర పెట్టి ఊరి వాతావరణం చూపిస్తున్నారట, పాటలు కూడా వినిపిస్తున్నారట. బయట ఎంత చలో కిటికీ తీసి నేనే చూసుకుంటానయ్యా. లోపల ఎంతుందో చెప్పి చావు!

దీనికి ఫ్రిజ్‌లు చేసేవాళ్ల దగ్గర సమాధానం ఉంది, అది నిజమే కూడా. గది ఎంత వేడిగా ఉంది, లోపల ఎంత సరుకుంది, తలుపు ఎన్నిసార్లు తీశారు అన్నదాన్ని బట్టి నాబ్ అదే నంబరు మీద ఉన్నా లోపలి చలి మారుతుంది, కాబట్టి నాబ్ మీద డిగ్రీలు రాస్తే అబద్ధం అవుతుంది. సరే, అబద్ధాలు వద్దు. అలాంటప్పుడు లోపల ఒక మామూలు థర్మామీటర్ తగిలించి అమ్మండి. కోడిగుడ్లకి గుంటలు గుంటలుగా ప్రత్యేకమైన ట్రే ఇచ్చారు. గుడ్డు మీద ఉన్న శ్రద్ధలో పదోవంతు మనిషి మీద ఉంటే అమ్మ మందు చెత్తబుట్టలో పడేది కాదు.

మర్నాడు ఆ థర్మామీటర్ నేనే కొన్నాను. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, అందులో దాన్ని ఉంచి, మధ్య అరలో పెట్టి రాత్రంతా వదిలేశాను. ఉత్త గాలిలో పెడితే తలుపు తీసినప్పుడల్లా అంకె గంతులేస్తుంది, నీళ్లలో అయితే నిలకడగా ఉంటుంది. పొద్దున చూస్తే నీళ్లు గడ్డకట్టి, థర్మామీటర్ అందులో బిగుసుకుపోయి ఉంది. మైనస్ 2. నాబ్‌ని ఒకటికి తిప్పి, ఈసారి ఇంట్లో అందరిచేతా ముట్టుకోబోమని ప్రమాణం చేయించి, పూర్తిగా ఒక రోజు ఆగాను. మళ్లీ మైనస్ 2.

అప్పుడు తెలిసింది అసలు కథ. మా దానిలాంటి డబుల్ డోర్ ఫ్రిజ్‌లలో చలి పుట్టేది ఒక్క చోటే, ఫ్రీజర్ వెనక. అక్కడినుంచి ఫ్యాన్ ఆ గాలిని ఒక దారి గుండా కిందికి తోస్తుంది, ఆ దారికి ఒక చిన్న తలుపు ఉంటుంది. కింద చలి సరిపోగానే ఆ తలుపు మూసుకోవాలి. మా నాబ్ చేసే ఉద్యోగమల్లా ఆ తలుపుని ఎప్పుడు మూయాలో చెప్పడం. టార్చి వేసి చూస్తే ఆ తలుపు ఐసులో కూరుకుపోయి, తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. అంటే తొమ్మిది రోజులు, అయిదుగురు మనుషులు, నిద్రలు మానుకుని, ఒకరి మీద ఒకరు నిఘా పెట్టుకుని, దేనికీ కనెక్షన్ లేని ఒక నాబ్‌ని తిప్పారన్నమాట.

ఐసు ఎందుకు పట్టిందంటే డోర్ రబ్బరు. కాగితం ముక్క తలుపు సందులో పెట్టి, మూసి లాగితే గట్టిగా పట్టుకోవాలి. మాది వెన్నలోంచి వెంట్రుకలా వచ్చేసింది. ఆ సందులోంచి గదిలోని తేమగాలి దూరి, చలి తగిలిన చోటల్లా ఐసై కూర్చుంది. ప్లగ్ పీకి, సామానంతా బయటపెట్టి, రెండు తలుపులూ తెరిచి, కింద పాత తువ్వాళ్లు పరిచి ఒక రోజు వదిలేశాం. తమ్ముడు కత్తితో చెక్కేద్దామన్నాడు. కత్తి గొట్టానికి తగిలి చిల్లు పడితే అప్పుడు మెకానిక్ చెప్పిందే నిజమవుతుంది, ఆ అవకాశం ఆయనకి నేనివ్వను. రబ్బరుని సబ్బు నీళ్లతో తుడిచి, వేడినీళ్ల గుడ్డతో అద్దితే మెత్తబడి మళ్లీ అతుక్కుంది.

(అందరి ఇంట్లోనూ ఇదే అవుతుందని కాదు. నాబ్‌ని ఆఫ్‌కి తిప్పినా కంప్రెసర్ ఆగట్లేదంటే, చలి సరిపోగానే దాన్ని ఆపాల్సిన థర్మోస్టాట్ అనే స్విచ్ అతుక్కుపోయినట్టు. లోపలి చలిని కొలిచే సెన్సర్ ఉన్నవాటిలో అది చెడితే లోపల ఎండాకాలమే అనుకుని ఫ్రిజ్ పాపం పని చేస్తూనే ఉంటుంది. కొన్ని ఇళ్లలో ఏ రోగమూ ఉండదు, పాల సీసాని సరిగ్గా గాలి వచ్చే రంధ్రం ముందు పెడుతుంటారు.)

ఇప్పుడు నాబ్ మూడు మీద ఉంది, థర్మామీటర్ 4 చూపిస్తోంది. ఎవరూ ముట్టుకోకుండా నాబ్ పక్కన ‘3 అంటే 4’ అని రాసి ఒక కాగితం అంటించాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, మూడంటే నాలుగేంట్రా, నీకు లెక్కలు చెప్పిందెవరు అన్నారు. సమాధానం చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. నిన్న సాయంత్రం చూస్తే మధ్య అరలో గ్లాసు ఖాళీగా ఉంది, థర్మామీటర్ చెంచాల డబ్బాలో దొరికింది. ఇంట్లో ఎవరిని అడిగినా నాకు తెలియదంటే నాకు తెలియదంటున్నారు. బాబాయ్ మాత్రం, ఎవరూ అడక్కుండానే, ఈమధ్య ఫ్రిజ్‌లో నీళ్లు సరిగ్గా తాగేంత చల్లగా ఉంటున్నాయని చెప్పాడు.