గిన్నెలు తోమే పచ్చ పీచు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పచ్చ పీచు గారికి,

నమస్కారాలు. ఫ్రిజ్ తలుపు మీద ఎండిపోయిన ఒక్క పాల చుక్క కోసం ఈ మధ్యాహ్నం తమరు పడ్డ శ్రమకు కృతజ్ఞతలు. చుక్క పోయింది. దాని చోట అరచేతి వెడల్పున గీతల చక్రాలు వెలిశాయి. తడిగుడ్డ రెండు నిమిషాలు ఆనిస్తే నాని ఊడి వచ్చే చుక్క అది. అయినా తమరు స్వయంగా వేంచేశారు.

తమరిది గొప్ప వంశమని తెలుసు. చూడ్డానికి నైలాన్ పోగులే అయినా, వాటికి అంటించి ఉన్నది అల్యూమినియం ఆక్సైడ్ పొడి. కెంపుల్లోనూ నీలాల్లోనూ ఉండేది అదే. అంతటివారి ముందు వంటింటి స్టీలు ఏపాటిది!

గీత పడిందని కాదండీ బాధ, వరస తప్పి పడిందని. తలుపు రేకు మీద ఫ్యాక్టరీలోనే సన్నటి గీతలు కొన్ని వేలు గీసి పంపుతారు, అన్నీ ఒకే దిక్కుగా. మరో గీత ఆ దిక్కునే పడితే వాటిలో కలిసిపోతుంది. ఎదురు పడితే మాత్రం లైటు వేసినప్పుడల్లా ముందు అదే కంట్లో పడుతుంది. తమరేమో గుండ్రంగా తిరిగారు. బిందె గుండ్రం, గిన్నె గుండ్రం, కాబట్టి చెయ్యి గుండ్రంగా పోవడం అలవాటు, ఒప్పుకుంటాం. తలుపు ఎక్కడ గుండ్రంగా ఉందండీ? నిలువు చారల మీద సున్నాలు చుట్టడమేమిటండీ? పోనీ అక్కడితో ఆగారా? మచ్చ పోలేదని ఇంకాస్త అదిమి, ఇంకో నాలుగు చుట్లు! ఎవరు తిరగమన్నారయ్యా నిన్ను?

నువ్వు చేసిన ఘనకార్యం దిద్దడానికి ఎంత తతంగమో విను. ముందు అది అసలు స్టీలేనా అని చూడాలి. స్టీలు ఫినిష్ అని అమ్మేవాటిలో చాలా తలుపులకు మామూలు రేకు మీద చారలు అచ్చేసిన పొర ఉంటుంది. అసలు స్టీలుకు కూడా కొన్నిసార్లు వేలిముద్రలు పడకుండా పారదర్శకమైన పూత వేస్తారు. ఈ రెండింటిలో ఏదున్నా రుద్దడం మానుకోవాల్సిందే. రుద్దినకొద్దీ పొర లేచి మచ్చ పెద్దదవుతుంది.

పూత లేని స్టీలే అయితే గీతకు అడ్డంగా గోరు పోనివ్వాలి. తట్టుకుంటే లోతుగా దిగినట్టు, పూర్తిగా పోదు, కొంత తగ్గుతుందంతే. తట్టుకోకపోతే ఆశ ఉంది. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల లిక్విడ్ నాలుగు చుక్కలు వేసి తుడిచి ఆరబెట్టాలి, లేకపోతే దుమ్ములోని ఇసుకే కొత్త గీతలు పెడుతుంది. ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టుకుంటే చారల దిక్కు తెలుస్తుంది. కంపెనీ పేరు, బటన్ల మీద టేపు అంటించాలి. నీ జాతిలోనే మెత్తనిది, బూడిద రంగు ప్యాడ్, తడిపి, ముందు కిందమూల కనపడని చోట ప్రయత్నించి, ఆ తర్వాత చారల వెంటే పొడుగ్గా, ఒకే వైపుకు లాగాలి. ముందుకూ వెనక్కూ కాదు. గీత మీద మాత్రమే రుద్దితే అక్కడ తామర మచ్చలాగా వేరే మెరుపు తేలుతుంది. అందుకని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అదే ఒత్తిడితో పోవాలి.

అప్పటికీ పోకపోతే పెయింట్ షాపులో దొరికే గరుకు కాగితం, 400 నంబరు వాటర్ పేపర్‌ను చెక్కముక్కకు చుట్టి, తడిపి, అదే దిక్కున నెమ్మదిగా లాగి, చివర మళ్లీ బూడిద ప్యాడ్. ఇంకా నున్నగా రావాలని 1000, 2000 దాకా పోతే చారలు చెరిగి అద్దంలా తయారవుతుంది, అది ఇంకో దరిద్రం. అంతా అయ్యాక తుడిచి, బేబీ ఆయిల్ రెండు చుక్కలు మెత్తటి గుడ్డ మీద వేసి చారల వెంటే రాస్తే, మిగిలిన సన్న గీతలు కాస్త మరుగున పడతాయి.

ఒక్క పాల చుక్కకి ఇదంతా! బుద్ధుందా నీకు?

టూత్‌పేస్టు పూసి రుద్దమనే వీడియో వీరులకు వేరే ఉత్తరం రాస్తాం. గీతలకు వారంటీ వర్తించదని చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసినవాళ్లకు ఇంకోటి.

ఇంత తిట్టాక కూడా నిన్ను బయట పారేయలేకపోతున్నాం, అదీ మా ఖర్మ. అడుగంటిన పాలగిన్నెకు నువ్వు తప్ప దిక్కు లేదు. అక్కడ ఎన్ని సున్నాలైనా చుట్టుకో, ఎవరూ అడగరు. ఆ సింకు గట్టు దాటి ఇవతలికి మాత్రం రాకు.

ఇట్లు,
ఫ్రిజ్ తలుపు తరఫు మనుషులు

తా.క.: సింకు కింద డబ్బాలో పడుకున్న మీ అన్నగారు ఇనప పీచుకు కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆయన రాలుస్తూ పోయే ఇనుము నలుసులు తేమకు తుప్పు పడితే, స్టీలే తుప్పు పట్టిందని షాపువాడి మీదికి యుద్ధానికి పోయేది మేం.