ఫాస్ట్ జీన్ ఉంటే రాత్రి కాఫీ ఏమీ చేయదా? అదంతా ఒట్టిమాట

"సీవైపీ1ఏ2 జీన్ ఫాస్ట్ రకం ఉన్నవాళ్లు రాత్రి ఎన్నింటికి కాఫీ తాగినా నిద్రకు ఢోకా లేదు, పడుకోగానే నిద్ర పట్టేస్తోందంటే మీరూ ఆ బాపతే" అని ఒక పోస్టును తెగ షేర్ చేస్తున్నారు. అందులో నిజం పిసరంతే.

ఒంట్లోకి వెళ్లిన కెఫీన్‌లో దాదాపు 95 శాతాన్ని లివర్‌లో విరగ్గొట్టేది ఆ జీన్ తయారుచేసే ఎంజైమే, దాని వేగం మనిషికీ మనిషికీ మారుతుంది (త్వరగా విరగ్గొట్టేదే ఫాస్ట్ రకం), అంతవరకూ ఒప్పుకుంటా. కానీ నిద్ర చెడేది లివర్‌లో కాదు కదా! మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది, అది మెదడు కణాల మీద తనకోసం ఉన్న చోట్లకు, అంటే రిసెప్టర్లకు, అతుక్కుంటే నిద్ర ముంచుకొస్తుంది, కెఫీన్ వెళ్లి ఆ చోటును ముందే ఆక్రమిస్తుంది. ఆ రిసెప్టర్లలో ముఖ్యమైనదానికి వేరే జీన్ ఉంది, ఏడీఓఆర్ఏ2ఏ. అందులో డీఎన్ఏ రాతలోని ఒక్క అక్షరం తేడాకి కూడా కెఫీన్ నిద్రను చెడగొట్టే తీరు మారుతోందని 2007లోనే తేలింది. అంటే లివర్ చురుగ్గా ఉండి, మెదడు మాత్రం కెఫీన్‌కి ఇట్టే లొంగిపోయే మనిషి ఉండొచ్చు. పోస్టులో ఈ ఊసే లేదు.

"ఎన్నింటికైనా" అన్నది మరీ అన్యాయం. కెఫీన్ సగానికి తగ్గడానికి సగటున 5 గంటలు పడుతుంది. మీకు 3 గంటలే అనుకుందాం, రాత్రి 9కి 100 మిల్లీగ్రాముల కెఫీన్ తాగితే 12కి ఇంకా 50 మిగిలే ఉంటుంది. పైగా ఆ వేగం నుదుటిరాత కాదు: సిగరెట్ తాగేవాళ్లలో ఈ టైమ్ దాదాపు సగమవుతుంది, గర్భనిరోధక మాత్రలు వాడితే దాదాపు రెట్టింపవుతుంది, గర్భం చివరి నెలల్లో అంతకంటే ఎక్కువ. జీన్ మాత్రం అదే.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది "పడుకోగానే నిద్ర పట్టేస్తోంది కాబట్టి" అన్న మాట. రోజూ నిద్ర చాలనివాళ్లకి ఎలాగూ ఇట్టే పట్టేస్తుంది. కానీ కెఫీన్ గాఢనిద్రను కోసేస్తుంది, అది మనకు తెలియను కూడా తెలియదు. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో పడుకోవడానికి 6 గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇస్తే, నిద్రను కొలిచే పరికరం లెక్క ప్రకారం నిద్ర గంటకు పైగా తగ్గింది, వాళ్లు రాసుకున్న డైరీల్లో మాత్రం అది అంత స్పష్టంగా కనబడలేదు.

మీది ఏ రకం జీనో చెప్పే టెస్టు కిట్‌కి డబ్బు పోసే ముందు, రెండు వారాలు మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ, కోలా ఆపి పొద్దున ఎలా లేస్తున్నారో చూడండి. మొదటి రెండు మూడు రోజులు తలనొప్పి రావచ్చు, వాటిని లెక్కలో కలపొద్దు.