దొంగ అచ్చుకు దొరికేది బెస్ట్ సెల్లరే

ఆదివారం హైదరాబాద్‌లోని ఆబిడ్స్ ఫుట్‌పాత్‌పై రెండు రకాల పుస్తకాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకటి ఎవరో చదివి అమ్మేసిన పాత పుస్తకం. రెండోది ప్లాస్టిక్ కవర్లో మెరిసే కొత్త పుస్తకం, అసలు ధరలో మూడో వంతుకే వస్తుంది. దాని అట్ట మీది బొమ్మ మసకగా ఉంటుంది, కాగితం పల్చన, అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి తేలుతుంటాయి. సగం చదివేసరికి జిగురు ఊడి పేజీలు చేతికొస్తాయి. మొదటిది ఈ నగరంలో తరతరాలను చదివించిన న్యాయమైన వ్యాపారం. రెండోది అనుమతి లేకుండా వేసిన దొంగ అచ్చు, అంటే దొంగతనం. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

దొంగ అచ్చు వేసేవాడు కవితా సంపుటి జోలికి పోడు. వ్యక్తిత్వ వికాసం, పేరుమోసిన ఇంగ్లిష్ నవలలు, వాటి తెలుగు అనువాదాలు, పోటీ పరీక్షల గైడ్లు: అమ్ముడుపోతుందని తేలిపోయినవే అతనికి కావాలి. అనువాదకుడికి, ప్రూఫులు దిద్దినవారికి అతను పైసా ఇవ్వనక్కర్లేదు. పుస్తకాలు మిగిలిపోతాయన్న బెంగా లేదు. తెలుగు ప్రచురణకర్త పరిస్థితి వేరు. వెయ్యి కాపీలు వేసి, అవి అమ్ముడుపోవడానికి ఏళ్ల తరబడి ఎదురుచూడటం ఇక్కడ మామూలే. బాగా ఆడిన ఒక పుస్తకం మీద వచ్చిన డబ్బుతోనే కొత్త కథకుడి తొలి సంపుటి అచ్చవుతుంది. దొంగ అచ్చు దెబ్బ సరిగ్గా ఆ ఒక్క పుస్తకం మీదే పడుతోంది. నకిలీ ప్రతిని ఏనాడూ ముట్టని పాఠకుడు కూడా, ఎన్నటికీ వెలుగు చూడని ఆ కథల రూపంలో నష్టపోతున్నాడు.

బెస్ట్ సెల్లర్లంటే మాకు చిన్నచూపు లేదు. వారపత్రికల సీరియళ్లు, వీధి చివర అద్దె పుస్తకాల షాపులు ఒకప్పుడు లక్షల మందికి చదివే అలవాటు చేశాయి. వారిలో ఎందరో ఆ తర్వాత గంభీర సాహిత్యం వైపు నడిచారు. ఇవాళ రీల్స్ చూసి తెలుగు నవల కొనడానికి బుక్ ఫెయిర్‌కు వస్తున్న కుర్రకారును చూస్తే సంతోషమే కలుగుతోంది. అయితే ఆ తర్వాత వారికి ఎదురుపడే పుస్తకం ఏది? నకిలీలు పరిచిన చోటల్లా, కోఠి అయినా అమీర్‌పేట అయినా, అవే పేర్లు. అభిరుచి పెరగాలంటే తెలియని పుస్తకం కూడా కంటబడాలి.

టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే పీడీఎఫ్‌ల సంగతి కొంత భిన్నం. రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. ఈలోగా వారసులు పట్టించుకోక, ప్రచురణకర్తలు మళ్లీ వేయక ఎన్నో మంచి పుస్తకాలు దొరక్కుండా పోయాయి. యాభై కాపీలైనా అచ్చు వేయించుకోగల సాంకేతికత వచ్చిన ఈ రోజుల్లో ఆ తప్పు ప్రచురణకర్తలదే. కానీ నిన్నమొన్న విడుదలైన నవలను స్కాన్ చేసి పంచిపెట్టడం సాహిత్య సేవ ఎలా అవుతుంది? 300 రూపాయల పుస్తకానికి పది శాతం రాయల్టీ లెక్కన రచయితకు దక్కేది 30 రూపాయలు. అదీ లాగేసుకుంటున్నారు.

చట్టం బలహీనంగా లేదు. 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా పడతాయి. ఇది నాన్ బెయిలబుల్ నేరమని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. వారెంట్ లేకుండానే ఎస్సై సరుకును స్వాధీనం చేసుకోవచ్చు. అలాగని ఫుట్‌పాత్ మీద కూలికి నిలబడే కుర్రాడిని స్టేషన్‌కు లాక్కెళ్తే సరిపోదు. ఆ పుస్తకం ఏ ప్రెస్‌లో అచ్చయింది, ఏ గోదాములోంచి వచ్చిందన్నది పోలీసులు తేల్చాలి. ఆన్‌లైన్‌లో నకిలీలు అమ్ముతున్నవారినీ వదలకూడదు.

అశోక్‌నగర్ గదుల్లో అద్దె కట్టడానికే తడుముకునే ఉద్యోగార్థిని ఖరీదైన పుస్తకం కొనుక్కోమనడం మాత్రం న్యాయం కాదు. అతని కోసమే గ్రంథాలయాలున్నాయి. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సూ నగరవాసులు కడుతున్నారు. అయినా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగార్థులు తమ పుస్తకాలు తామే తెచ్చుకుని చదువుకుంటున్నారు. వసూలైన సెస్సును ఎప్పటికప్పుడు గ్రంథాలయ సంస్థలకు జమచేసి, ఆ ఏడాది వచ్చిన తెలుగు పుస్తకాలను ప్రతి శాఖకూ కొనిపెట్టాలి. ఏమేం కొన్నారో ఆ జాబితాను ఏటా బుక్ ఫెయిర్‌లోనే ప్రజల ముందు పెట్టాలి.