యూరియా సిస్టమ్ పీకేస్తే ఇంజన్ బతుకుతుందట!

మళ్లీ వచ్చింది. ఓనర్ల గ్రూపులో ఒకాయన పెట్టాడు, డ్రైవర్ల గ్రూపులో ఇద్దరు పెట్టారు, చివరికి మా బావమరిది కూడా పంపాడు. ఆయనకున్నది స్కూటీ. "లారీ ఓనర్లందరికీ హెచ్చరిక, కనీసం పది మందికి పంపండి" అని మొదలయ్యే మెసేజీ. ఇంకా అందని అదృష్టవంతుల కోసం అందులో ఉన్నదేంటో చెబుతాను: బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండ్లకు పెట్టిన మసి ఫిల్టర్, యూరియా ట్యాంకు, ఈజీఆర్ (పొగను కొంత మళ్లీ ఇంజన్‌కే పంపే ఏర్పాటు) కలిసి ఇంజన్ ఆయుష్షును సగం చేస్తాయట. యూరియా ఇంజన్‌లోకి పోయి పిస్టన్లను తినేస్తుందట. కొత్త డీజిల్‌లో జిడ్డు లేక పంపులు పోతాయట. ఫిల్టర్ వేడికి బండ్లు తగలబడతాయట. కాబట్టి సైలెన్సర్ కోసి ఫిల్టర్ తీసేయాలి, యూరియా ఉన్నట్టు బండిని నమ్మించే ఎమ్యులేటర్ డబ్బా పెట్టించాలి, అది కుదరకపోతే ఎరువుల షాపులో యూరియా బస్తా కొని నీళ్లలో కలిపి పోసుకోవాలి, కంపెనీ వాడు అమ్మేదీ అదేనట. పైగా పొల్యూషన్ చెక్‌లో దొరకరు అని భరోసా.

పంపులు, ఇంజెక్టర్లు విప్పే పనిలో ఉన్నవాణ్ని. ఈ మెసేజీ నమ్మినవాళ్ల బండ్లు చివరికి మా షెడ్డుకే వస్తాయి. వ్యాపారపరంగా చూస్తే నేను నోరు మూసుకోవడమే లాభం.

యూరియా ఇంజన్‌లోకి పోతుందన్న మాట ముందు. పోదు, పోయే దారే లేదు. పంపు దాన్ని ట్యాంకు నుంచి లాగి సైలెన్సర్ వైపున్న నాజిల్‌కు పంపిస్తుంది. ఇంజన్‌లో మండి, టర్బోను తిప్పి, చాలా బండ్లలో ఫిల్టర్‌ను కూడా దాటి బయటికి పోతున్న పొగ మీద అది పిచికారీ అవుతుంది. ఆ వేడికి అమ్మోనియాగా మారి, నైట్రోజన్ ఆక్సైడ్లను మామూలు నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా విడగొడుతుంది. అంతే దాని పని. అది ఇంజన్‌లోకి పోవాలంటే ఒకటే మార్గం, క్లీనర్ నిద్రమత్తులో డీజిల్ ట్యాంకులో పోయడం. అప్పుడు మాత్రం పంపూ ఇంజెక్టర్లూ అన్నీ పోతాయి, కానీ ఆ తప్పు బీఎస్6ది కాదు కదా.

డీజిల్‌లో జిడ్డు లేదన్న పాయింటులో కాస్త నిజం ఉంది. సల్ఫర్ తీసే క్రమంలో డీజిల్ సహజమైన జిడ్డు తగ్గుతుంది. అందుకే రిఫైనరీలో దానికి విడిగా అడిటివ్ కలుపుతారు, అరుగుదల పరీక్షలో పడే మచ్చ 460 మైక్రాన్లు దాటకూడదని ప్రమాణం ఉంది. నేను విప్పి చూసిన పంపులు పోయింది బంకు డీజిల్ వల్ల కాదు. హైవే పక్కన డ్రమ్ముల్లో "బయో డీజిల్" పేరుతో చౌకగా దొరికే ఆ పేరులేని నూనె వల్ల. దాని గురించి మెసేజీలో ఒక్క ముక్క లేదు, గమనించారా?

ఆయుష్షు సగం అన్న లెక్క ఎవరు కట్టారో తెలియదు. బీఎస్3 బండి పది లక్షల కిలోమీటర్లు ఇంజన్ విప్పకుండా తిరిగిందట. అలాగైతే హెడ్లు దించడం, లైనర్లు మార్చడం, బోర్ కొట్టించడం, క్రాంకు గ్రైండింగు, వీటి మీద విజయవాడ ఆటోనగర్‌లో వీధులకు వీధులు ఎలా బతికాయి సార్? పాత బండ్లు మంచివే, కాదనను. రోడ్డు పక్కన సుత్తీ స్పానరుతో బాగయ్యేవి, అందుకే వాటి మీద ప్రేమ. కానీ బీఎస్3 డీజిల్‌లో సల్ఫర్ పది లక్షల పాళ్లకు 350 దాకా ఉండేది, బీఎస్4లో 50కి, బీఎస్6లో 10కి దిగింది. ఆ సల్ఫర్ మండి నీటి ఆవిరితో కలిస్తే ఆమ్లం అవుతుంది, లైనర్లనూ రింగులనూ తింటుంది, ఇంజన్ ఆయిల్‌లోని క్షారమంతా దాన్ని చంపడానికే ఖర్చయిపోతుంది. ఆ బాధ తగ్గబట్టే, పాత రోజుల్లో పద్దెనిమిది వేల కిలోమీటర్లకో ఇరవై వేలకో మార్చిన ఆయిల్‌కు ఇప్పుడు పెద్ద బండ్లలో కంపెనీలే దానికి ఎన్నో రెట్ల గడువు ఇస్తున్నాయి. ఇంజన్‌ను చంపే బండికి ఎవరైనా ఆ గడువు ఇస్తారా?

ఈజీఆర్ గురించి మెసేజీ చెప్పింది మాత్రం నేను కొట్టిపారేయను. వదిలేయాల్సిన పొగను కొంత చల్లార్చి మళ్లీ ఇంజన్‌కే తాగించడం ఏ మెకానిక్‌కూ నచ్చదు. ఇన్‌టేక్‌లో మసి పేరుకుంటుంది, ఆయిల్ తొందరగా నల్లబడుతుంది, కూలర్ లీకైతే కూలెంట్ పోతుంది. ఇవన్నీ కళ్లతో చూసినవే. అయితే ఒక్కటి ఆలోచించండి. నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి ఉన్న ప్రధానమైన దారులు రెండు, ఇంజన్ లోపల ఈజీఆర్, బయట యూరియా. బయట యూరియా గట్టిగా పనిచేస్తే లోపల ఈజీఆర్ మీద అంత భారం ఉండదు, ఇంజన్‌ను ఇంకా బాగా మండేలా ట్యూన్ చేయొచ్చు, మసి తగ్గుతుంది, డీజిల్ కలిసొస్తుంది. అంటే ఇంజన్‌ను ఈజీఆర్ నుంచి కాపాడుతున్నదే ఆ యూరియా ట్యాంకు. మెసేజీ రాసినవాడు పీకమంటున్నది దాన్నే!

ఇక ఫిల్టర్. ఫిల్టర్ జామ్ అవుతోందంటే ముందు అడగాల్సింది ఆ మసి ఎక్కణ్నుంచి వస్తోందని. ఇంజెక్టర్ కారుతుండొచ్చు, టర్బో సీలు పోయి ఆయిల్ పొగలో కలుస్తుండొచ్చు, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు, ఈజీఆర్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. పాత బండైతే నల్లపొగ కనిపించి తెలిసేది. ఇప్పుడు ఫిల్టర్ పట్టేసుకుని లైటు వెలిగించి చెబుతోంది. పొయ్యిలో తడి కట్టెలు పెట్టి, పొగ వస్తోందని పొగగొట్టం పీకేసినట్టుంది ఈ సలహా. ఫిల్టర్ తీసేశాక కూడా కారే ఇంజెక్టర్ కారుతూనే ఉంటుంది, పిస్టన్ మీద డీజిల్ ధార పడుతూనే ఉంటుంది, కొన్నాళ్లకు పిస్టన్‌కు బొక్క పడుతుంది. అప్పుడు మళ్లీ "బీఎస్6 ఇంజన్లు దండగ" అని ఇంకో మెసేజీ.

ఆయిల్ సంగతి కూడా. ఫిల్టర్‌లో పట్టిన మసి కాలుతుంది, ఇంజన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు. ఫిల్టర్ ఉన్న బండికి సీకే-4 రకం తక్కువ బూడిద ఆయిలే ఎందుకు పోయమంటారంటే ఇందుకే. డబ్బాకు కొన్ని వందలు మిగులుతాయని పాత రకం పోస్తే, ఆ బూడిద ఎన్ని రీజెన్‌లు (ఫిల్టర్‌ను వేడిచేసి మసిని కాల్చేయడం) కొట్టినా పోదు, ఫిల్టర్ దించి శుభ్రం చేయించాల్సిందే.

వేడికి తగలబడటం: రీజెన్ సమయంలో ఫిల్టర్ దగ్గర 600 డిగ్రీల దాకా పోతుంది, నిజమే. అది ఛాసిస్ పక్కన, ఇంజన్‌కు దూరంగా. జిన్నింగ్ మిల్లు ఆవరణలోనో, ఎండుగడ్డి మీదో బండి ఆపి రీజెన్ కొట్టకండి. దాన్ని ఆపే స్విచ్ చాలా బండ్లలో ఉంటుంది. అయిపోయింది ఆ పాయింటు.

ఇప్పుడు అసలైన దరిద్రానికి వద్దాం. ఎరువు యూరియా కలుపుకోమన్న సలహా. "కంపెనీ వాడు అమ్మేదీ అదే" అట. పేరు యూరియానే, కాదనలేదు. ట్యాంకులో పోసేదాంట్లో 32.5 శాతం యూరియా, మిగతాది లవణాలు తీసేసిన నీళ్లు. కలపడమేగా అనిపిస్తుంది. కానీ షాపులో దొరికే బస్తా 2015 నుంచీ పూర్తిగా వేపనూనె పూత పూసినదే, ఎందుకు పూశారనుకున్నారు? ఇలాంటి పక్కదారులకు పోకుండా ఉండాలన్నది కూడా అందులో ఒక కారణం. ఆ నూనె నీళ్లలో కరగదు, యూరియా పంపు ఫిల్టర్లో జిగురులా పట్టుకుంటుంది. బట్టలో వడకట్టి పోశాను అంటాడొకడు. సరే, నూనె కొంత వడకట్టావు, అందులోని బైయూరెట్ అనే మలినాన్ని ఏ బట్టతో వడకడతావు? లారీ ద్రావణంలో అది 0.3 శాతం మించకూడదు, ఎరువు యూరియాలో 1.5 శాతం దాకా అనుమతి ఉంది. పంటకు అది సమస్య కాదు, వేడి నాజిల్ మీద మాత్రం తెల్లని రాయిలా గడ్డకడుతుంది. ఇక నీళ్లు. మన బోరు నీళ్లు మరిగించిన గిన్నె అడుగు ఒకసారి చూసుకోండి, ఆ సున్నమంతా సైలెన్సర్‌లో అమ్మోనియాతో పొగను శుభ్రం చేయించే క్యాటలిస్ట్ మీద పేరుకుంటుంది. క్యాటలిస్ట్ ఒకసారి ఇలా చెడిపోతే కడిగితే బాగయ్యే రకం కాదు, మార్చాల్సిందే, బిల్లు లక్షల్లో.

మిగిలేదెంతో లెక్కేద్దాం. నెలకు రెండు వేల లీటర్ల డీజిల్ తాగే బండికి యూరియా ద్రావణం ఓ వంద లీటర్లు పడుతుంది, కొంచెం అటూఇటూ. డీజిల్ బిల్లు రెండు లక్షలకు దగ్గర్లో ఉంటే, ద్రావణం బిల్లు అందులో మూడు నాలుగు శాతం. ఆ మూడు నాలుగు శాతంలో కొంత మిగుల్చుకోవడానికి లక్షల సామాను పణంగా పెట్టమంటున్నాడు, దాన్ని మీరు చేతులెత్తి దండం పెట్టే బొమ్మతో సహా ఫార్వర్డ్ చేస్తున్నారు.

ఇంకో సంగతి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. 45 కిలోల బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు వస్తోందంటే మిగతాది ప్రభుత్వం భరిస్తోంది కాబట్టి. ఒక్క బస్తాతో దాదాపు 125 లీటర్ల ద్రావణం తయారవుతుంది, అందుకే దీని మీద దొంగ వ్యాపారాలు నడుస్తున్నాయి. 2025 వానాకాలంలో తెలంగాణలో సొసైటీల ముందు రైతులు చెప్పులు, పాస్‌పుస్తకాలు వరుసలో పెట్టి తెల్లవారుజాము నుంచి కూర్చున్నారు, ఆంధ్రాలోనూ అదే గోల. ఆ లైన్లో మన డ్రైవర్ల అన్నలు, నాన్నలు కూడా ఉన్నారు. ఇంటి దగ్గర నాన్న ఒక్క బస్తా కోసం లైన్లో నిలబడతాడు, ఇక్కడ కొడుకు రెండు బస్తాలు బకెట్లో కలిపి సైలెన్సర్‌కు పోస్తాడు. సబ్సిడీ ఎరువును పంటకు కాకుండా ఇలా వాడటం 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కింద నేరం, తెలియకపోతే తెలుసుకోండి. మెసేజీ పంపిన వాళ్లలో రైతు సంఘం మనిషి కూడా ఉన్నాడు మరి!

ఎమ్యులేటర్ డబ్బా అంటే ఏమీ లేదు. యూరియా ఉంది, పొగ శుభ్రంగా ఉంది అని కంప్యూటర్‌కు అబద్ధాలు చెప్పే పెట్టె. బయట యూరియా శుభ్రం చేస్తుందన్న ధీమాతోనే కంపెనీలు ఇంజన్‌ను వేడిగా మండేలా ట్యూన్ చేస్తాయి. యూరియా ఆపేస్తే ఆ నైట్రోజన్ ఆక్సైడ్లన్నీ నేరుగా బయటికే, మీరు మెచ్చుకునే పాత బీఎస్3 బండి కన్నా ఎక్కువే రావచ్చు. ఈలోపు వాడకుండా ఉన్న పంపులో, పైపులో ద్రావణం ఎండి గడ్డకడుతుంది, రేపు బుద్ధొచ్చి డబ్బా తీసేద్దామన్నా సిస్టమ్ పనిచేయదు. "పొగ ఢిల్లీ వాళ్ల సమస్య" అని కూడా మెసేజీలో రాశాడు. డీజిల్ పొగను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. లోడింగ్ లైన్లో నలభై బండ్ల మధ్య క్యాబిన్‌లో పడుకునేది ఢిల్లీ వాడా?

పొల్యూషన్ చెక్‌లో దొరకరన్నది మాత్రం నిజం. డీజిల్ బండికి అక్కడ చూసేది పొగ ఎంత చిక్కగా ఉందన్నదే, నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవరు. ఇంత పెద్ద లొసుగు ఉంచుకుని ఓనర్‌ను మాత్రమే దొంగ అనడం నాకూ నచ్చదు.

ఓనర్ల కోపంలో న్యాయం ఉన్నదీ ఇక్కడే. బీఎస్6 బండి మెయింటెనెన్సు పాతదానికన్నా ఖరీదే, కాదన్నవాడు షోరూం వాడై ఉంటాడు. నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే చిన్న నాక్స్ సెన్సార్ పోతే చాలు, ఇంజన్ నిక్షేపంలా ఉన్నా పికప్ తగ్గిపోయి చివరికి బండి 20 కిలోమీటర్ల వేగానికి పడిపోతుంది. ఒంగోలుకూ నెల్లూరుకూ మధ్య చేపల లోడుతో ఆ స్థితిలో ఇరుక్కున్నవాడికి నా పాఠాలు ఎక్కవు. బలవంతపు రీజెన్ కొట్టాలన్నా కంపెనీ స్కానర్, పాస్‌వర్డ్ ఉండాలి, ఆటోనగర్ మెకానిక్‌కు అవి ఇవ్వరు. క్వారీ టిప్పర్లు, ఊళ్లో తిరిగే నీళ్ల ట్యాంకర్లు నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆగుతుంటే పొగ వేడెక్కక ఫిల్టర్ జామ్ అవడం కూడా నిజమైన బాధే. ఓనర్ల సంఘాలు గొడవ చేయాల్సింది ఆ స్కానర్ల కోసం.

ఈలోగా పైసా ఖర్చు లేని పనొకటి. బండి ఆపగానే బ్యాటరీ కటాఫ్ స్విచ్ తిప్పేయకండి, ఓ రెండు నిమిషాలు ఆగండి. తాళం తీశాక పైపులో మిగిలిన ద్రావణాన్ని పంపు వెనక్కి లాక్కుంటుంది. వెంటనే కరెంటు కోస్తే అది పైపులోనే ఎండి గడ్డకడుతుంది. "యూరియా సిస్టమ్ దండగ" అంటూ మా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావాటికి జబ్బు ఈ స్విచ్ దగ్గరే మొదలైంది.

అన్నట్టు, మెసేజీ అడుగున ఒక ఫోన్ నంబరుంది, అక్కడిదాకా ఎవరూ చదివినట్టు లేదు. ఎమ్యులేటర్ డబ్బాలు అమ్మేవాడిది. ఫార్వర్డ్ చేసే ముందు ఆయనకో ఫోన్ కొట్టి, డబ్బా పెట్టాక బండి అర్ధరాత్రి ఘాట్ రోడ్డులో ఆగిపోతే వస్తావా అన్నా అని అడగండి.