కాస్త దారి వదలండి!

వాట్కిన్స్ గ్లెన్‌కి వెళ్తే జలపాతాలు చూడాలా, జనం వీపులు చూడాలా? న్యూయార్క్ రాష్ట్రంలోని ఈ పార్కులో రెండు మైళ్లలోపే 19 జలపాతాలు, 832 రాతి మెట్లు. వేల ఏళ్లుగా నీరు కోసుకుంటూ పోయిన లోయ అది. చాలాచోట్ల ఇద్దరు పక్కపక్కన నడిస్తే నిండిపోయే దారి. దానికి అడ్డంగా ట్రైపాడ్ పెడతారా ఎవరైనా?

కావెర్న్ కాస్కేడ్ దగ్గర మరీ ఘోరం. జలపాతం వెనకనుంచి నడిచి వెళ్లే చోటు. మీద తుంపర్లు, కాళ్ల కింద తడిసిన రాయి. మోకాళ్ల నొప్పులతో ఓ పెద్దావిడ గోడ పట్టుకుని నిలబడింది. ముందు ఓ కుటుంబం రీల్ కోసం మళ్లీ మళ్లీ అటూ ఇటూ నడుస్తోంది! "ఒక్క నిమిషమండీ" అట. ఎన్ని నిమిషాలు?

ఇంకొకడు స్పీకర్‌లో పాటలు పెట్టాడు. నీటి చప్పుడు వినడానికే కదా న్యూజెర్సీ నుంచి గంటల తరబడి కారు నడుపుకుంటూ వచ్చింది! ఇంకోచోట పిల్లాణ్ణి పిట్టగోడ మీద కూర్చోబెట్టి ఫొటోలు. కింద లోతు కనబడట్లేదా? నా గుండె జారిపోయింది. రాళ్ల సందుల్లో చిప్స్ కవర్లు, చెత్తబుట్ట దాకా మోసుకెళ్లలేరా? ఫొటోలు తీసుకోండి, ఎవరొద్దన్నారు? తీసుకుని పక్కకి జరగండి.